ముందు ఆ కార్మికులతో మాట్లాడండి

ప్రియమైన అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. ఫ్యాక్టరీ వదులుతున్న నీళ్ళ మీద మీరు కొందరు కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారని, మొదటి ధర్నా రోజే అక్కడి కార్మికులు వచ్చి మా పొట్ట కొట్టకండి అని మీతో గొడవపడ్డారని రాశావు. వాళ్ళు యాజమాన్యం మనుషులు, వాళ్ళతో మాటలేమిటని మీవాళ్ళలో కొందరు అంటున్నారట. నువ్వు అడిగిన మిగతావాటికి తర్వాత జవాబు చెప్తాను. ముందు మీ గ్రూపులో ఆ మాట ఆగాలి.

వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ గేటుకి తాళం పడితే వచ్చే నెల అద్దె, పిల్లల ఫీజులు ఎలాగా అని టెన్షన్ పడేది వాళ్ళే. యజమాని తన డబ్బు తీసుకుని ఇంకోచోట ఇంకో ఫ్యాక్టరీ పెట్టుకుంటాడు. వాళ్ళకి ఆ వీలు లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకో. మీ కాలవలోకి వచ్చే ప్రతి రసాయనం ముందు వాళ్ళ చేతుల మీదుగా, వాళ్ళ ఊపిరితిత్తుల మీదుగా వస్తుంది. మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ఇరవై నాలుగేళ్ళ వయసులో, 1845లో, ఇంగ్లండ్ కార్మికుల బతుకు మీద పుస్తకం అచ్చువేశాడు. మాంచెస్టర్‌లో నల్లగా కంపుకొడుతూ పారే ఇర్క్ నది, దాని ఒడ్డున ఇరుకు కొంపల్లో రోగాలతో బతికే జనం, మిల్లుల్లో పాడైపోయే ఊపిరితిత్తులు, అన్నీ ఆ ఒక్క పుస్తకంలోనే ఉంటాయి. నది గొడవ పర్యావరణవాదులదనీ, ఊపిరితిత్తుల గొడవ యూనియన్‌దనీ ఆయనకి తోచలేదు. ఆ పంపకం తర్వాత వచ్చింది. దానివల్ల లాభపడింది యజమానులే.

ఉద్యోగమా, పర్యావరణమా అనే ప్రశ్నని మీ నోట పలికించడమే యాజమాన్యానికి కావాల్సింది. ఆ ప్రశ్నకి ఏ జవాబిచ్చినా సగం మంది మీకు దూరమవుతారు. కాబట్టి అసలు దాన్ని ఒప్పుకోవద్దు. ఒప్పుకోకుండా గెలిచినవాళ్ళ కథ ఒకటి చెప్తాను, మీ మీటింగులో చదివి వినిపించు.

1971లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, కెల్లీస్ బుష్ అనే చిన్న అడవి ముక్కలో ఒక నిర్మాణ సంస్థ ఇళ్ళు కట్టబోయింది. ఆ పేటలోని కొందరు ఆడవాళ్ళు దాన్ని కాపాడాలని అధికారుల చుట్టూ, మంత్రుల చుట్టూ తిరిగారు. పని జరగలేదు. చివరికి భవన నిర్మాణ కార్మికుల యూనియన్ తలుపు తట్టారు. ఆ ఆడవాళ్ళు కలిగిన కుటుంబాలవాళ్ళు. యూనియన్ నాయకుడు జాక్ మండీ కమ్యూనిస్టు. మామూలుగా అయితే ఒకరి గడప ఒకరు తొక్కేవాళ్ళు కాదు. యూనియన్ వెంటనే సరే అనలేదు. ముందు మీ పేటలో బహిరంగ సభ పెట్టండి, ఇది జనం కోరికని మాకు కనబడాలి అంది. సభకి జనం వచ్చారు. అప్పుడు మా సభ్యులెవరూ అక్కడ పలుగు ముట్టుకోరని యూనియన్ ప్రకటించింది. యూనియన్‌లో లేనివాళ్ళతో పని చేయించుకుంటామని కంపెనీ బెదిరించింది. దానికి జవాబు అదే కంపెనీ కడుతున్న ఇంకో భవనం మీద పనిచేస్తున్న కార్మికుల నుంచి వచ్చింది. కెల్లీస్ బుష్‌లో ఒక్క చెట్టు మీద చెయ్యిపడినా ఈ భవనం ఎప్పటికీ సగంలోనే నిలిచిపోతుందని వాళ్ళు తీర్మానం చేశారు. ఆ అడవి ముక్క ఇవాళ్టికీ ఉంది. తర్వాతి కొన్నేళ్ళలో అలాంటి నిషేధాలు నలభైకి పైగా పెట్టారు. పాత పేటల్ని, పేదల ఇళ్ళని, పార్కుల్ని నిలబెట్టారు. 1975కల్లా ఆ నాయకత్వాన్ని పక్కకి నెట్టేశారు. పెట్టుబడికి అది ఎంత మింగుడుపడలేదో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇందులో నువ్వు గమనించాల్సింది ఏమిటంటే, ఆ యూనియన్‌కి ఆ బలం అడవి మీద ఉపన్యాసాల వల్ల రాలేదు. అంతకుముందు ఏళ్ళ తరబడి జీతాల కోసం, పనిచోట ప్రాణభద్రత కోసం సభ్యుల పక్కన నిలబడటం వల్ల వచ్చింది. తమకోసం కొట్లాడిన సంఘం అడిగింది కాబట్టి, కూలి పోయినా పని ఆపడానికి కార్మికులు సిద్ధపడ్డారు.

అందుకని ఈసారి ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్ళేటప్పుడు బ్యానర్లు తీసుకెళ్ళకండి. షిఫ్ట్ మారే వేళకి ఇద్దరు ముగ్గురు చాలు. సూపర్‌వైజర్ల కళ్ళు ఉంటాయి కాబట్టి గేటు దగ్గర ఎక్కువసేపు నిలబడకుండా, ఎక్కడ కలుసుకోవచ్చో మాత్రం కనుక్కోండి. వాళ్ళ ఇళ్ళ దగ్గర మాట్లాడటం మంచిది. కాలవ గురించి మీరు మొదలుపెట్టకండి. దగ్గు ఎప్పట్నుంచి ఉంది, చర్మం మీద ఆ మచ్చలేమిటి, మాస్కులు, గ్లవ్స్ ఇస్తున్నారా, ఎంతమంది పర్మనెంటు, ఎంతమంది కాంట్రాక్టు, కిందటి ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్ళకి ఏం ఇచ్చారు అని అడగండి. అడిగి, వినండి. నీళ్ళు ఏ వేళకి వదులుతారో, శుద్ధి ప్లాంటు ఏ రోజుల్లో తిప్పుతారో, ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ఏం సర్దుతారో వాళ్ళకి తెలిసినంతగా ఏ నిపుణుడికీ తెలియదు. నమ్మకం కుదిరాక వాళ్ళే చెప్తారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఎవరి పేరూ ఎక్కడా రాయొద్దు, ఫోటోలు పెట్టొద్దు. తేడా వస్తే ముందు ఊడేది కాంట్రాక్టు కార్మికుడి పనే.

మీ డిమాండ్లు కూడా మార్చుకోవాలి. ఫ్యాక్టరీ మూసేయండి అన్న ఒక్క వాక్యం కరపత్రానికి సరిపోతుంది కానీ జనాన్ని కలపలేదు. శుద్ధి ప్లాంటు యజమాని ఖర్చుతో రాత్రీ పగలూ నడవాలి, మరమ్మతు కోసం పని ఆపిన రోజులకి పూర్తి జీతం ఇవ్వాలి, కార్మికులకీ చుట్టుపక్కల జనానికీ వైద్య పరీక్షలు చేయించాలి, కాంట్రాక్టు వాళ్ళని పర్మనెంట్ చేయాలి అని రాయండి. కొన్ని పరిశ్రమలు ఎంత శుద్ధి చేసినా కొనసాగకూడనివి ఉంటాయి, ఆస్‌బెస్టాస్ లాంటివి. అప్పుడు ఆ మాట కార్మికులకి సూటిగా చెప్పి, వాళ్ళ జీతం, ఇంకో పని వాళ్ళ చేతికి వచ్చేదాకా మీరూ కొట్లాడాలి. అమెరికాలో చమురు, రసాయన కార్మికుల యూనియన్ నాయకుడు టోనీ మజోచీ జీవితమంతా చేసింది ఇదే. 1973లో ఆయన యూనియన్ పనిచోట ఆరోగ్యం, భద్రత కోసం షెల్ కంపెనీలో సమ్మె చేసినప్పుడు పర్యావరణ సంఘాలు అండగా నిలిచాయి.

ఇంకో అడుగు ముందుకేసినవాళ్ళూ ఉన్నారు. బ్రిటన్‌లో లూకాస్ ఏరోస్పేస్ కార్మికులు ఉద్యోగాలు పోతాయన్న భయంతో కూర్చుండిపోలేదు. 1976లో తామే ఒక ప్రణాళిక తయారుచేశారు. ఆయుధాల విడిభాగాలకి బదులు అవే యంత్రాలతో, అవే నైపుణ్యాలతో హీట్ పంపులు, కిడ్నీ యంత్రాలు, గాలిమరలు లాంటివి సుమారు 150 వస్తువులు చేయగలమని చూపించారు. యాజమాన్యం కాదంది. ఏం తయారుచేయాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్నదే ఆ తగాదా అంతా. మన రాజకీయం మొత్తం కూడా అదే ప్రశ్న దగ్గరికి వస్తుంది.

ఏం చదవాలని అడిగావు. లావు పుస్తకాలతో మొదలుపెట్టకు. మార్క్స్ 1842లో కట్టెల దొంగతనం చట్టం మీద పత్రికలో రాసిన వ్యాసాలతో మొదలుపెట్టు. రైన్ ప్రాంతపు అడవుల్లో రాలిన పుల్లలు ఏరుకోవడం పేదలకి అనాదిగా ఉన్న అలవాటు. భూస్వాములు దాన్ని దొంగతనంగా లెక్కగట్టే చట్టం తేబోయారు. తనని ఆర్థిక ప్రశ్నల వైపు మొదట నెట్టింది ఆ చర్చేనని మార్క్స్ తర్వాత తనే రాసుకున్నాడు. అడవి తగాదాతో మొదలైన మనిషిని ప్రకృతి పట్టనివాడని ఎవరైనా అంటే, చదవకుండా మాట్లాడుతున్నారనుకో. దాని తర్వాత, జర్మన్ కార్మిక పార్టీ కార్యక్రమం మీద మార్క్స్ 1875లో రాసిన గోథా కార్యక్రమ విమర్శలో మొదటి పేజీలు చాలు. సంపదంతా శ్రమ నుంచే వస్తుందని సొంత పార్టీవాళ్ళు రాస్తే, కాదు, ప్రకృతి కూడా అంతే మూలం అని ఆయన గట్టిగా సరిదిద్దాడు.

ఆ తర్వాత కాపిటల్ మొదటి సంపుటంలో యంత్రాల అధ్యాయం చివర వ్యవసాయం మీద ఉన్న కొద్ది పేజీలు. అక్కడ తొందరపడకు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్‌ని మార్క్స్ శ్రద్ధగా చదివాడు. విషయం ఇది: ధాన్యం నగరానికి వెళ్తుంది, దానితోపాటు నేలలోని సారం వెళ్తుంది. అది తిరిగి పొలానికి రాదు, మురుగై థేమ్స్ లాంటి నదిలో కలుస్తుంది. పొలం గుల్ల, నది కంపు. ఈ తెగిన బంధాన్ని పెట్టుబడి ఎలా అతికించబోయిందో చూడు. పెరూ దగ్గర చించా దీవుల్లో పేరుకున్న పక్షిరెట్టలని తవ్వి, ఎరువుగా వాడటానికి ఓడల్లో ఐరోపాకి తెచ్చారు. తవ్వినవాళ్ళు చైనా నుంచి కాంట్రాక్టు మీద తెచ్చిన కూలీలు, దాదాపు బానిసలు. ఆ నిల్వలు తరిగిపోతుంటే నైట్రేట్ గనుల మీద పడ్డారు. వాటికోసం చిలీ, పెరూ, బొలీవియాలు 1879లో యుద్ధానికి దిగాయి. 1913లో జర్మనీలో గాలి నుంచి నత్రజని ఎరువు చేసే ఫ్యాక్టరీ మొదలైంది. ఎరువుల కరువు తీరిందన్నారు. ఇవాళ ఆ ఎరువులే నదుల్లోంచి సముద్రంలోకి పారి, మెక్సికో సింధుశాఖలో చేపలు బతకలేని మండలాలు తయారయ్యాయి. ప్రతి అతుకూ సమస్యని ఇంకోచోటికి, ఇంకొకరి నెత్తి మీదికి నెడుతుంది. దీన్ని పట్టుకుంటే మీ కాలవ కథ కూడా అర్థమవుతుంది. ఇంకా లోతుకు వెళ్ళాలనుకుంటే మార్క్స్, ప్రకృతి అనే విషయం మీద జాన్ బెలమీ ఫాస్టర్, పాల్ బర్కెట్ రాసినవి చదువు.

కొత్త టెక్నాలజీ వస్తే అన్నీ సర్దుకుంటాయని మీకు చెప్పేవాళ్ళు చాలామంది తగులుతారు. యంత్రాలు బొగ్గుని పొదుపుగా వాడటం మొదలైనకొద్దీ మొత్తం బొగ్గు వాడకం పెరుగుతుందని ఇంగ్లీషు ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే చూపించాడు. ఆయన మార్క్సిస్టు కానే కాదు. పొదుపైన డబ్బు లాభమై, మళ్ళీ కొత్త యంత్రాల మీదికి వెళ్తుంది కాబట్టి అలా జరుగుతుంది. టెక్నాలజీని తిట్టకండి, అది మనకి కావాలి. ఎవరి చేతిలో, దేనికోసం అని అడగండి.

మనవాళ్ళ, అంటే సోషలిస్టుల, చరిత్ర దాచొద్దు. మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. సోవియట్ ప్రణాళికలు పత్తి కోసం దానిలోకి వచ్చే రెండు నదులనీ మళ్ళించాయి. 1960 నుంచి అది ఎండుతూ పోయింది. ఉప్పు దుమ్ము, రోగాలు, ఇసుకలో మిగిలిన పడవలు. అదే దేశంలో 1919లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, ఆస్ట్రఖాన్ అభయారణ్యం ఏర్పాటుచేసిన మాటా నిజమే. ఆస్తి ప్రభుత్వానిదైతే సరిపోదు. అక్కడ బతికే జనానికి, పనిచేసేవాళ్ళకి కాదనే అధికారం ఉండాలి. ఎవరైనా ఆరల్ పేరెత్తితే తడబడకుండా ఈ మాటే చెప్పు.

మీ గ్రూపులో ఒకరు ప్లాస్టిక్ సీసా పట్టుకొచ్చారని మిగతావాళ్ళు నిలదీశారని రాశావు. అలాంటివి ఆపేయండి. కార్బన్ పాదముద్ర, అంటే ఒక్కో మనిషి వల్ల గాలిలోకి ఎంత కార్బన్ వెళ్తుందో, లెక్కేసుకోమని 2000ల మొదట్లో ప్రచారం చేసి జనంలోకి తెచ్చింది చమురు కంపెనీ బీపీ. సిగ్గుపడుతూ కూర్చున్న మనిషి సంఘంలోకి రాడు. పదిమంది పవిత్రుల కన్నా తప్పులున్న వందమంది మేలు.

ఇక కాగితాల పని. నీళ్ళ నమూనాలు ఎప్పుడూ అదే చోట తీయండి. తేదీ, వేళ రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి, గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపండి. ఫ్యాక్టరీకి పైన ఒక నమూనా, కింద ఒకటి ఉండాలి. లేకపోతే ఆ కాలుష్యం మాది కాదంటారు. పెట్టిన ప్రతి అర్జీకి రసీదు తీసుకోండి. డబ్బు సభ్యుల చందాతోనే నడవాలి, ఎంత చిన్నదైనా సరే. బయటి నిధులు వచ్చిన సంఘాలు నిధులిచ్చినవాళ్ళ నివేదికలు రాస్తూ ఉండిపోవడం చాలా చూశాను. మైకు ఒకరి చేతిలోనే ఉండకుండా చూడు, ముఖ్యంగా చదువుకున్నవాళ్ళ చేతిలో. బెదిరింపులు వస్తే ఎవరూ ఒంటరిగా దాచుకోకుండా అదే రోజు అందరికీ చెప్పే పద్ధతి పెట్టుకోండి. బ్రెజిల్‌లో రబ్బరు కార్మికుల నాయకుడు చీకో మెండిస్‌ని 1988 డిసెంబరు 22న ఆయన ఇంటి దగ్గరే కాల్చి చంపారు. కానీ ఆయన కూడగట్టిన కుటుంబాలు అడవి నరికే రంపాలకి అడ్డంగా నిలబడుతూనే వచ్చాయి, 1990లో ఆయన పేరుతోనే రక్షిత అడవి సాధించారు. అదంతా ఒక్క మనిషి మీద ఆధారపడని సంఘం ఉండటం వల్ల సాధ్యమైంది.

ఈ వారం కార్మికుల ఇళ్ళకి వెళ్ళి రండి. వాళ్ళలో ఒక్కరు మీటింగుకి వస్తానన్నా సరే, కొత్త కరపత్రం వాళ్ళతో కూర్చునే రాయండి. అచ్చుకి ఇచ్చేముందు నాకు ఒక కాపీ పంపు, చూసి చెప్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ