దవావోలో గిఫ్టుగా ఇచ్చిన మోరో కత్తి, దాని మీద అరబ్బీ రాత: ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మావాడు ఫిలిప్పీన్స్‌లోని దవావోలో ఎంబీబీఎస్ ఫైనలియర్. వాడుండే ఇంటి ఓనరు, మరనావ్ అనే మోరో తెగ పెద్దాయన (మోరోలంటే దక్షిణ ఫిలిప్పీన్స్ ముస్లింలు), గుర్తుగా ఉంచుకోమని ఒక వంకీల కత్తి ఇచ్చారు, క్రిస్ అంటారట. బ్లేడు మీద వెండితో అరబ్బీలాంటి రాత, చివర 1311 అనే అంకె ఉన్నాయి. ఎంత పాతదో తేల్చుకుని సూట్‌కేసులో తెచ్చేసుకోవచ్చా? ఇక్కడ గోడకి తగిలించుకుంటే ఏమన్నా ఇబ్బందా? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సార్, ముందు బాబుకి ఈరోజే ఫోన్ చేసి కత్తిని ఇంట్లోంచి బయటకి తియ్యొద్దని చెప్పండి. అక్కడ 1978 నాటి బతాస్ పంబన్సా నంబర్ 6 అని ఒక చట్టం ఉంది, పనిముట్టుగానో వేరే న్యాయమైన పనికోసమో తప్ప ఇంటి బయట పదునైన ఆయుధం పట్టుకు తిరగడం నేరం, అందులో బరోంగ్ (ఇదీ మోరో కత్తే), క్రిస్ అని పేర్లు పెట్టి మరీ రాశారు. ఎవరికన్నా చూపించాలంటే ఫొటోలు చాలు.

ఇక అసలు సంగతి. రాత చదివించి పాతదని రుజువు చేస్తే పని సులువవుతుందని మీరు అనుకుంటున్నారు కానీ చట్టం దగ్గర ఆ రుజువు రెండు వైపులా కోస్తుంది సార్. పాతదని తేలితే ఫిలిప్పీన్స్ చట్టం దాటనివ్వదు, కొత్తదని తేలితే మన ఆయుధాల చట్టం రానివ్వదు. అందుకే పరిశోధన అంతా కత్తి అక్కడ ఉండగానే జరగాలి, తెచ్చాక కాదు.

1311 హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరమే అయితే మన లెక్కలో 1893-94, అంటే అమెరికా వాళ్లు అక్కడికి రాకముందు, స్పెయిన్ వాళ్ల కాలం. కానీ అంకె కనపడింది కదా అని సంవత్సరం అనేసుకోకండి. మోరో కత్తుల మీద ఖురాన్ వాక్యాలు, అల్లా పేర్లతో పాటు రక్షణ కోసం గళ్లు గీసి అంకెలు వేసే తాయెత్తు రాతలు కూడా ఉంటాయి, 2, 4, 6, 8 అంకెలు అలా చాలా చోట్ల కనిపిస్తాయి. మీ ఊళ్లో మౌల్వీ గారికి ఫొటో చూపించండి, ఖురాన్ వాక్యమైతే ఆయనే చదివేస్తారు. మధ్యలో ఆగిపోయి ఈ అక్షరం మాది కాదే అన్నారంటే అదీ మంచి ఆధారమే, ఎందుకంటే అది జావీ లిపి అయ్యుండొచ్చు, అరబ్బీ అక్షరాలకే మలయ్ వైపు భాషల్లోని ఙ, ప లాంటి శబ్దాల కోసం చుక్కలు కలిపి చేసుకున్నది, తౌసుగ్, మరనావ్, మగిందనావ్ అనే మోరో తెగల వాళ్లు వాళ్ల భాషల్ని కూడా ఇలాగే రాసుకున్నారు. అప్పుడు మరనావ్ చదివేవాళ్లే కావాలి, ఆ ఇంటి ఓనరు గారి కంటే ముందు ఎవర్ని అడుగుతాం?

ఆయన్నే ఇంకోటి కూడా అడగండి, ఇది మీ ఇంట్లోకి ఎలా వచ్చింది అని. కోర్టులో రాత కంటే ఈ మాటకే బలం ఎక్కువ, ఎందుకంటే పాత బ్లేడు మీద తర్వాతెప్పుడో రాయించొచ్చు, పైగా మీద పేరు ఉన్నంత మాత్రాన అది యజమాని పేరని కాదు. ఆ ప్రాంతం చరిత్ర కూడా అలాంటిది. 1906లో బుద్ దాజో, 1913లో బుద్ బగ్సాక్ అనే కొండలు, ఈ రెండు చోట్లా అమెరికా సైన్యం వందల మంది మోరోల్ని చంపింది, మధ్యలో 1911లో అమెరికా జనరల్ పెర్షింగ్ ఆయుధాలు అప్పగించమని ఆర్డర్ వేశాడు, అలా ఎన్నో కత్తులు సైనికుల సామాన్లలో అమెరికా చేరాయి. ఇన్ని గడిచాక కూడా ఒక ఇంట్లో మిగిలిందంటే దాని కథ ఆ కుటుంబం నోటే వినాలి, అది కాగితం మీద పెట్టించి నోటరీ చేయించండి, గిఫ్టు అన్న సంగతి కూడా అందులోనే రాయించండి.

ఇప్పుడు చట్టం. అక్కడ జాతీయ సాంస్కృతిక వారసత్వ చట్టం, రిపబ్లిక్ యాక్ట్ 10066 ఉంది, 2010 మార్చిలో సంతకమైంది. సంప్రదాయ జాతుల వస్తువుల్ని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగానే అనుకుని చూస్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది మనం. సెక్షన్ 11 ప్రకారం అలాంటిది అమ్మాలన్నా దేశం దాటించాలన్నా ముందు క్లియరెన్స్ ఉండాలి, గిఫ్టే కదా డబ్బులివ్వలేదు కదా అంటే దాటించడానికి ఆ మాట పనికిరాదు. కాబట్టి బాబు ఫొటోలు, కొలతలు, ఆ నోటరీ కాగితం పట్టుకుని అక్కడి నేషనల్ మ్యూజియంలో అడగాలి. సాంస్కృతిక సంపద కాదని వాళ్లు రాసిస్తే ఆ కాగితంతో ఆ దేశం దాటించొచ్చు, అవునంటే మాత్రం కత్తి అక్కడే ఉండాలి సార్, నా సలహా అయితే ఆ పెద్దాయనకే తిరిగి ఇచ్చెయ్యమని, పిల్లాడి డిగ్రీ చేతికొచ్చే టైంలో కేసు పెట్టుకోవద్దు.

మన వైపు 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 10, లైసెన్స్ లేకుండా ఆయుధం దేశంలోకి తేవొద్దంటుంది, కత్తులు కూడా ఇందులోకే వస్తాయి. పురాతన విలువ ఉండి తుపాకీగా పనికిరాని ఆయుధాలకి సెక్షన్ 45లో మినహాయింపు ఉంది, మనం దాని మీద వాదించొచ్చు, కస్టమ్స్‌లో కూడా వందేళ్లు దాటిన పురాతన వస్తువులకి సుంకాల పట్టికలో 9706 అని వేరే హెడ్డింగ్ ఉంది. కానీ ఎయిర్‌పోర్టులో నోటిమాటతో ఏదీ నడవదు, వయసు చెప్పే కాగితం చూపించాలి, ఆ కాగితమే అక్కడి చట్టానికి కత్తిని పట్టిస్తుంది, ఇందాక రెండు వైపులా కోస్తుందన్నది ఇదే. గోడకి తగిలించుకోవడం సంగతి అంటారా, ఇలాంటి ఆయుధం ఉంచుకోవడానికి లైసెన్స్ కావాలని ఆయుధాల చట్టం సెక్షన్ 4 కింద మీ ప్రాంతానికి నోటిఫికేషన్ ఉందో లేదో బట్టి ఉంటుంది, తెచ్చే ముందే మీ జిల్లా కలెక్టరాఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

పిడి దేంతో చేశారో కూడా చూడమనండి. క్రిస్ పిడి చివర చిలక తలలాంటి ఆకారం ఉంటుంది, దాన్ని కొన్నిసార్లు ఏనుగు దంతంతో చేసేవాళ్లు. దంతం అయితే పైవన్నీ పక్కన పెట్టి తేవాలనే ఆలోచన మానుకోండి, మన వన్యప్రాణి చట్టం దగ్గర దొరికిపోతారు. ఇంకా బాబు ఉత్సాహంగా నిమ్మకాయో పాలిషో పెట్టి రుద్దకుండా చూడండి, ఆ వెండి రాత ఒకసారి అరిగిందంటే చదివేవాళ్లకి ఇంక ఏమీ మిగలదు.