కొండలు, ఏరు, వేట: కుటుంబంతో ఏ ఊరికి మారాలి?

అచ్చంపేట నుంచి వచ్చి డాలస్‌లో ఉంటున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నేను డిండిలో గాలం వేస్తూ పెరిగినోణ్ని. ఇక్కడ టెక్సాస్‌లో ఎటు చూసినా చదునే, ఎటు పోయినా కంచెనే. నాకూ మా ఆవిడకూ ఇద్దరికీ హెచ్-1బి. పెద్దోడు నాలుగో క్లాసు, చిన్నది ఒకటో క్లాసు. కొండల్లో చేపలు పట్టాలి, వేట నేర్చుకోవాలి, పిల్లలకూ నేర్పాలి. కొలరాడోనా, మోంటానానా, ఐడహోనా? కెనడా అయితే ఇంకా మేలని కొందరంటున్నారు. ఎటు పోవాలె?"

తమ్ముడూ, మాది దేవరకొండ వైపు. డిండికి నువ్వు అటు ఒడ్డు, నేను ఇటు ఒడ్డు. చాలా ఏళ్లుగా ఐడహోలోని బాయిసీలో ఉంటున్నాను కాబట్టి నా మాట కొంచెం ఇటే మొగ్గుతుంది, ఆ సంగతి గుర్తుంచుకుని చదువు.

కంచెల గురించి నువ్వన్నది నిజమే. టెక్సాస్‌లో 95 శాతానికి పైగా భూమి ప్రైవేటుది. అక్కడ వేటంటే ఎవరి పొలమో కౌలుకు తీసుకోవడమే. పడమటి కొండ రాష్ట్రాల్లో లెక్క వేరు. ఐడహోలో 60 శాతానికి పైగా భూమి కేంద్ర ప్రభుత్వానిది. అందులో ఎక్కువ భాగం అడవి, గడ్డిభూమి. ఎవరి అనుమతీ అడగకుండా నడిచి పోవచ్చు. అయితే కొండ ఫొటోలు చూసి మాత్రం ఊరు ఎంచుకోవద్దు. ఈ రాష్ట్రాలన్నిటా కొండలున్నాయి. నీ వీసా కాగితాలు, మీ ఇద్దరి ఉద్యోగాలు, ఆ రాష్ట్రం నిన్ను ఎన్నాళ్లకు 'స్థానికుడు' అని ఒప్పుకుంటుంది, ఈ మూడూ చూసుకో. ఊరు దానంతట అదే తేలుతుంది.

కాగితాలతో మొదలుపెడదాం. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు డాలస్ మెట్రో ప్రాంతం దాటి వేరే రాష్ట్రానికి మారితే కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. 'ఉద్యోగం అదే కదా, ఇంట్లో కూర్చునే కదా చేసేది' అనుకుని చాలామంది ఇక్కడే పొరపడతారు. ఇంటి నుంచి పనిచేస్తే ఆ ఇల్లే పనిచేసే చోటు. మీరిద్దరూ హెచ్-1బి కాబట్టి రెండు కంపెనీలూ ఒప్పుకోవాలి. గ్రీన్‌కార్డు పని ఎక్కడిదాకా వచ్చిందో కూడా చూసుకో. పర్మ్ అంటే గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టు, కార్మిక శాఖ దగ్గర కంపెనీ తీసుకునే ధ్రువీకరణ. అది ఉద్యోగం ఉండే ప్రాంతాన్ని బట్టి చేసేది. అది నడుస్తుండగా ఊరు మారితే మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు. దాని తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్‌కు ఆమోదం అయిపోయి ఉంటే గ్రీన్‌కార్డు క్యూలో నీ తేదీ మామూలుగా నీకే ఉంటుంది, ఆ టెన్షన్ తగ్గుతుంది. కొండ కోసం ఆ తేదీని పణం పెట్టొద్దు. ఇల్లు అమ్మే ముందు వకీలుతో ఒక గంట మాట్లాడు.

ఇక తుపాకీ. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇది. హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని కేంద్ర చట్టం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటే: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు నీ దగ్గర ఉండాలి. లైసెన్సు లేకుండా స్నేహితుడి తుపాకీ పట్టుకుని షూటింగ్ రేంజిలో సరదాగా రెండు తూటాలు కాల్చినా అది నేరమే. లైసెన్సు గడువు తీరిపోయాక తుపాకీ ఇంట్లో బీరువాలో ఉన్నా అంతే. తుపాకీ కేసు పడితే జరిమానాతో పోదు, దేశం నుంచి పంపించేయడానికి అదే కారణమవుతుంది. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ వీసా నిబంధన వర్తించదు. అందుకే వీసా మీద ఉన్న తమ్ముళ్లకు నేను విల్లుతో మొదలుపెట్టమంటాను. విల్లు ఈ చట్టం కింద తుపాకీ కాదు, పైగా సెప్టెంబర్ విల్లు సీజన్లోనే ఎల్క్ అనే పెద్ద దుప్పుల్లో మగవి జత కోసం కూతపెడతాయి. నల్లమలలో కణుజును చూసినవాళ్లకు ఎల్క్ దానికి పెదనాన్నలా కనిపిస్తుంది. పొద్దున చీకటితో లోయలో ఆ కూత వింటే తుపాకీ లేదన్న బాధే గుర్తురాదు.

స్థానికుడి లెక్క కూడా ముఖ్యమే. వాషింగ్టన్ రాష్ట్రం 90 రోజులకు ఒప్పుకుంటుంది. కొలరాడో, ఐడహో, యూటా ఆరు నెలలు అడుగుతాయి. మోంటానా 180 రోజులు, వయోమింగ్, అలాస్కా పూర్తి ఏడాది. స్థానికుడికి ఎల్క్ ట్యాగు, అంటే ఒక జంతువును వేటాడేందుకిచ్చే పర్మిట్, పదుల డాలర్లలో దొరికితే బయటివాడు వందలు పెట్టాలి. డబ్బు ఒక్కటే కాదు, చాలాచోట్ల బయటివాడికి లాటరీ తగిలితేనే ట్యాగు. వయోమింగ్‌లో అయితే కేంద్రం 'విల్డర్‌నెస్' అని ప్రకటించిన అడవుల్లో బయటివాడు గైడు గానీ, తోడుగా స్థానికుడు గానీ లేకుండా పెద్ద జంతువులను వేటాడకూడదు. కాబట్టి రెండేళ్లకోసారి రాష్ట్రం మారే ఉద్యోగమైతే ఈ ముచ్చట అప్పుడే పెట్టుకోకు. ఒకచోట పాతుకుపోయేవాడికే ఇది. వీసా మీద ఉన్నవాళ్లు 'స్థానిక' లైసెన్సు కొనేముందు ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్ చేసి అడగాలి. తప్పుడు ప్రకటన మీద లైసెన్సు తీసుకుంటే అది మళ్లీ వేరే కేసు.

కొలరాడో సంగతి. అమెరికాలో ఎల్క్‌లు ఎక్కువున్న రాష్ట్రం అదే. డెన్వర్‌లో ఇద్దరికీ ఐటీ ఉద్యోగాలు దొరుకుతాయి, తెలుగువాళ్లున్నారు, గుళ్లున్నాయి. కానీ డెన్వరే 5,280 అడుగుల ఎత్తులో ఉంది, ఎల్క్‌లు దానికి రెట్టింపు ఎత్తులో కూడా తిరుగుతాయి. మన్ననూరు ఘాటు ఎక్కడమే గొప్పనుకుని పెరిగిన మనకు ఊపిరి అందడానికి టైం పడుతుంది. శుక్రవారం సాయంత్రం కొండల వైపు పోయే ఐ-70 రోడ్డు మీద ట్రాఫిక్ చూస్తే డాలసే నయమనిపిస్తుంది. ఇంకో చిక్కు, అక్కడ లాటరీ తగలని ఏడాదికో పాయింటు ఇస్తారు, మంచి ట్యాగులు ఏళ్ల తరబడి ఆ పాయింట్లు కూడబెట్టినవాళ్లకే ముందు దక్కుతాయి. ఏరు ప్రైవేటు భూమిలో పారుతుంటే దాని అడుగుభాగం కూడా ఆ భూస్వామిదే అంటారు, నీళ్లలో దిగి నిలబడటానికి లేదు. గాలం వేసేవాడికి ఇది పెద్ద లోటు.

మోంటానా దీనికి పూర్తిగా తిరగేసి. అక్కడ 1985 చట్టం ప్రకారం వంతెన దగ్గరో, ప్రభుత్వ భూమి నుంచో ఏట్లో దిగితే, ఏరు మామూలుగా నిండుగా పారినప్పుడు నీళ్లు తాకే గుర్తు దాటకుండా ఎంత దూరమైనా నడుచుకుంటూ చేపలు పట్టుకోవచ్చు, పక్కన ఎవరి పొలమున్నా సరే. గాలం పట్టేవాడికి అంతకన్నా మంచి రాష్ట్రం లేదు. కానీ మీ ఇద్దరికీ ఉద్యోగాలు ఎక్కడ? బోజ్‌మన్ లాంటి ఊళ్లలో ఇళ్ల ధరలు మండిపోతున్నాయి, హెచ్-1బి ఇచ్చే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా అక్కడ గ్రిజ్లీ ఎలుగులున్నాయి. ఎలుగు మీద కొట్టే స్ప్రే నడుముకు లేకుండా అడుగు వేయకూడదు. కొలరాడోలో చివరి గ్రిజ్లీ 1979లోనే చచ్చింది, ఆ విషయంలో మాత్రం అక్కడ నిశ్చింత. సిటిజన్‌షిప్ వచ్చి, ఎక్కడి నుంచైనా చేసుకునే ఉద్యోగం ఉన్నవాళ్లు మోంటానా ఆలోచించవచ్చు. నీకు ఇప్పుడు కాదు.

నీ పరిస్థితికి నా ఓటు బాయిసీకి. అది కుదరకపోతే సాల్ట్‌లేక్ సిటీ. సాల్ట్‌లేక్, లీహై వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలు బాగా ఉన్నాయి, సౌత్ జోర్డన్‌లో గణేశుడి గుడి ఉంది. బాయిసీలో మైక్రాన్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది. చిప్పుల పని తెలిసినవాళ్లకు నేరుగా దారి. మిగతావాళ్లకు అవకాశాలు తక్కువ, ఒకరైనా ఇంటి నుంచి పనిచేయాల్సి వస్తుంది. ఐడహోలో పాయింట్ల పద్ధతి లేదు. లాటరీలో పుట్టినప్పటి నుంచీ ఇక్కడున్నవాడూ, నిన్న వచ్చి స్థానికుడైనవాడూ సమానమే. కొత్తగా వచ్చిన మనబోటివాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? లాటరీ తగలకపోయినా స్థానికుడు మామూలు సీజను ట్యాగు కొనుక్కుని అడవికి పోవచ్చు. ఏరు లెక్క కూడా తమాషాగా ఉంటుంది: ఏరు మామూలుగా నిండుగా పారే రోజుల్లో 6 అంగుళాల మందం దుంగ తేలిపోయే పాటి నీరుంటే అది అందరి ఏరే. బాయిసీ నది ఊరి మధ్య నుంచే పారుతుంది. ఆఫీసు అయ్యాక చీకటి పడేలోపు గాలం వేసుకుని రావచ్చు. నా ఉద్దేశంలో ఏడాదికోసారి పోయే పెద్ద కొండ కన్నా ఇదే విలువైనది.

లోట్లు కూడా విను. ఆగస్టులో కార్చిచ్చుల పొగ లోయంతా కమ్ముకుంటుంది, పిల్లలకు ఆయాసం ఉంటే ఇది చిన్న విషయం కాదు. చలికాలంలో పైన వెచ్చని గాలి పొర మూతలా కప్పేసి, దాని కింద చెడు గాలి రోజుల తరబడి కదలదు. సాల్ట్‌లేక్‌లోనూ ఇదే బాధ. తెలుగువాళ్లు తక్కువ. హరే కృష్ణ మందిరం ఉంది గానీ, డాలస్‌లో నువ్వు చూసిన పెద్ద గుళ్లు, వీధికో బిర్యానీ హోటలు ఇక్కడ దొరకవు. గోంగూర పెరట్లో వేసుకోవాల్సిందే.

ఈ మాట మా మరదలిని కూర్చోబెట్టి చదివించు. ఇక్కడ వేట సీజను సెప్టెంబర్, అక్టోబర్. అంటే సరిగ్గా బతుకమ్మ, దసరా. చాలా యూనిట్లలో, అంటే వేట కోసం విడదీసిన ప్రాంతాల్లో, దుప్పి సీజను అక్టోబర్ 10న మొదలవుతుంది. ఆమె నలుగురు ఆడవాళ్లను పోగేసి, తంగేడు దొరక్క బంతిపూలు, చామంతులు పేర్చుకుంటుంటే నువ్వు కొండ మీద ఉంటానంటే ఆ ఇంట్లో వేట రెండో ఏడాదికి రాదు. ముందే పంచుకోండి: సద్దుల బతుకమ్మ ఇంట్లో, ఆ తర్వాతి వారం కొండ మీద. ఆమెకు కూడా గాలం నేర్పితే సగం గొడవ తీరుతుంది. మా దగ్గర ఆడవాళ్లే ఎక్కువ చేపలు పడతారు, ఓపిక వాళ్లకే ఉంది.

పిల్లల సంగతికి వస్తే, ఐడహోలో పదేళ్లు నిండితే పెద్ద జంతువుల వేటకు అర్హత. వేట శిక్షణ తొమ్మిదేళ్ల నుంచే ఇస్తారు. 1975 జనవరి 1 తర్వాత పుట్టిన ఎవరైనా ఆ శిక్షణ పాసైతేనే మామూలుగా లైసెన్సు ఇస్తారు, కాబట్టి నువ్వూ మీ పెద్దోడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. స్థానికుల పిల్లలకు 14 ఏళ్లలోపు చేపల లైసెన్సే అక్కర్లేదు.

మొదటి ఏడాది ఒక్క చేపలే పెట్టుకో. వేటకు కొండ దారులు తెలియాలి, నడక అలవాటు కావాలి, అవి రెండూ ఏరు వెంట తిరిగితేనే వస్తాయి. ట్రౌట్ చేప మెత్తగా, చప్పగా ఉంటుంది, పులుసులో విరిగిపోతుంది. దాన్ని ఉప్పు, కారం, పసుపు పట్టించి పెనం మీద వేయించుకోవాలి. పులుసు కావాలంటే స్నేక్ నదిలో జెల్లల్లాంటి క్యాట్‌ఫిష్ ఉన్నాయి, కొర్రమీను కాదుగానీ ఆ వాసన వస్తుంది. అదే నదిలో స్టర్జన్ అనే పురాతన చేప ఉంది, మనిషి కన్నా పొడుగు పెరుగుతుంది. దాన్ని నీళ్లలోంచి పైకి తీయనే కూడదు, అక్కడే వదిలేయాలి. ఎన్ని పట్టొచ్చు, ఎంత పొడుగుండాలి, ముల్లు లేని గాలమా అన్నది ఏటికేటికీ మారుతుంది. రూల్స్ పుస్తకం ఫోన్లో పెట్టుకో.

వేటలో అసలు కష్టం జంతువు పడ్డాక మొదలవుతుంది. పెద్ద మగ ఎల్క్ మూడు వందల కిలోల దాకా తూగుతుంది. ఎముక తీసినా తొంభై కిలోల దాకా మాంసం. దారికి మూడు మైళ్ల లోపల పడితే వీపున మోసుకుని మూడు నాలుగు సార్లు తిరగాలి. సెప్టెంబర్ ఎండకు ఆలస్యమైతే మాంసం చెడుతుంది, తినదగిన మాంసం అడవిలో వదిలేస్తే నేరం. ఒంటరిగా పోకు. మాంసం అమ్మడం కూడా నేరమే, పంచుకోవచ్చు. దసరాకు నలుగురిళ్లకు పంపితే సరిపోతుంది. కొవ్వు ఉండదు కాబట్టి మటన్‌లా వండితే పీచు పీచు అవుతుంది, కాళ్ల ముక్కలు కుక్కర్లో ఎక్కువసేపు ఉడకాలి. దుప్పులకు, ఎల్క్‌లకు సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు వస్తోంది. కొలరాడోలో 1960ల నుంచి ఉంది, ఐడహోలో 2021లో బయటపడింది. వన్యప్రాణి శాఖ గ్రంథులు తీసుకుని పరీక్ష చేస్తుంది. ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్లో పెట్టు, జబ్బు ఉందంటే తినొద్దు.

కెనడా గురించి క్లుప్తంగా చెబుతా. బ్రిటిష్ కొలంబియా కొండలు గొప్పవే, తుపాకీ లైసెన్సుకు శిక్షణ పాసవ్వాలి, పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చి అక్కడ స్థిరపడితేనే వేట సులువు. కొండ కోసమే దేశం మారడం నాకు నచ్చదు. పీఆర్ కోసం ఎలాగూ పోతుంటే మాత్రం వాంకూవర్ కన్నా లోపలి ఊళ్లు చూడు. న్యూజిలాండ్ మాత్రం ఊరిస్తుంది. అక్కడి దుప్పులు బయటి నుంచి తెచ్చినవి కాబట్టి ప్రభుత్వ అడవుల్లో చాలాచోట్ల ఉచిత పర్మిట్‌తో ఏడాది పొడుగునా వేటాడొచ్చు. 1904లో తీసుకెళ్లి వదిలిన హిమాలయాల తార్ మేకలు ఇప్పుడు అక్కడి కొండల్లో మందలుగా తిరుగుతున్నాయి. పాములు కూడా లేవు. జీతాలు మాత్రం అమెరికా జీతాలు కావు.

ఇంకొక్కటి. ఇక్కడ నేర్చుకున్నది సెలవుల్లో ఊరికి మోసుకెళ్లకు. 1972 చట్టం ప్రకారం మన దగ్గర అడవి జంతువుల వేట నిషేధం, అమ్రాబాద్ చుట్టుపక్కల పాత స్నేహితులు 'కుందేలే కదా, రా' అన్నా పోవద్దు. ఇక్కడి కొమ్ములు, తోళ్లు సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కొద్దు.

అమ్మానాన్నలు వస్తే ఎండాకాలంలో రమ్మను. నాన్నకు గాలం ఇవ్వాలంటే ఆయనకూ రోజువారీ చేపల లైసెన్సు కొనాలి, వయసు చూసి ఎవరూ వదిలిపెట్టరు. జూన్‌లో రెండో శనివారం మాత్రం ఐడహోలో ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. టికెట్లు ఆ తేదీకి ముందే వచ్చేలా తీసుకో. అయితే చేపల లెక్క, మిగతా రూల్సు ఆ రోజూ మామూలే, నాన్నకు ముందే చెప్పి తీసుకెళ్లు.