ఇళ్లున్నవాళ్లే మళ్లీ కొంటుంటే మా వంతు ఎప్పుడు?

ప్రశ్న: మేడం, మాది హన్మకొండ. నాకు 34 ఏళ్లు. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. మా ఇంటావిడ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇద్దరికీ కలిపి నెలకు 68 వేలు చేతికొస్తాయి. సుబేదారిలో 11 వేల కిరాయికి ఉంటున్నాం. ఖర్చులన్నీ పోను నెలకు 20 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీలు, చిట్టీ డబ్బులు కలిపి 9 లక్షలున్నాయి. మాకు ఎక్కడా సొంతిల్లు లేదు. భీమారం వైపు 42 లక్షల ఫ్లాట్ ఒకటి చూసుకుని బయానా ఇద్దామనుకునేలోపే, అప్పటికే రెండిళ్లున్న ఒక పెద్దమనిషి కొనేసి కిరాయికి ఇచ్చేశారు. గోపాలపూర్‌లో ఇంకోటీ అలాగే పోయింది. లండన్‌లో ఉన్న మా బావమరిది అక్కడా ఇదే గొడవని, అలాంటివాళ్ల మీద అదనపు పన్ను వేశారని చెప్పాడు. ఇక్కడ మాలాంటివాళ్లకు దారే లేదా? 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, బంగారం అమ్మి, వెంటనే ఏదో ఒకటి కొనేయమంటారా?

జవాబు: రెండుసార్లు చేతిదాకా వచ్చి పోయింది కాబట్టి మీ బాధ నాకు అర్థమవుతోంది. ఇలాంటి ఉత్తరాలు కరీంనగర్ నుంచి, ఖమ్మం నుంచి కూడా వస్తున్నాయి. ముందు లెక్క చెప్తాను. పర్సనల్ లోన్ వద్దు. 42 లక్షల ఫ్లాట్‌కు బ్యాంకు 80 శాతం, అంటే 33.6 లక్షలు ఇచ్చిందనుకుందాం. 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెల కిస్తీ 28,100. దాని మీద 13 శాతానికి అయిదేళ్ల పర్సనల్ లోన్ 5 లక్షలంటే ఇంకో 11,400 దాకా. రెండూ కలిపి 39,500. మీకు మిగిలే 20 వేలకు, కట్టనక్కర్లేని కిరాయి 11 వేలు కలిపినా 31 వేలే. అంటే మొదటి నెల నుంచే లోటు. బంగారం అమ్మినా ఈ లోటు పోదు, కొన్నాళ్లు వెనక్కి జరుగుతుంది, అంతే.

మీ బావమరిది చెప్పింది నిజమే. ఇంగ్లండ్‌లో కిరాయికివ్వడానికి ఇల్లు కొనేవాళ్లకు 1996 నుంచి ప్రత్యేకంగా లోన్లున్నాయి. అక్కడి బ్యాంకు ప్రధానంగా ఆ ఇంటికొచ్చే కిరాయి వడ్డీకి సరిపోతుందా అని చూస్తుంది. అప్పు తీసుకున్న అసలు మొత్తాన్ని నెలనెలా తీర్చకుండా, వడ్డీ మాత్రమే కట్టే పద్ధతీ ఉంది. కిరాయే వడ్డీ కట్టేస్తుంటే, జీతం మీద లోన్ తీసుకునే కొత్త జంట అతనితో పోటీ పడటం కష్టం. అందుకే 2016 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి కొనుగోలు మీద 3 శాతం అదనపు పన్ను వేశారు. 2024 అక్టోబర్ 31 నుంచి దాన్ని 5 శాతం చేశారు.

మన దగ్గర కథ వేరు. మీరు పోగొట్టుకున్న ఫ్లాట్‌నే తీసుకోండి. దానికి మీరు కడుతున్నంత కిరాయే వచ్చినా ఏడాదికి 1.32 లక్షలు, పెట్టిన డబ్బు మీద మూడు శాతం చిల్లర. ఇంటి పన్ను, మరమ్మతులు, ఖాళీగా ఉండే నెలలు తీసేస్తే ఎఫ్‌డీ అంత కూడా రాదు. కాబట్టి ఆ పెద్దమనిషి కిరాయి కోసం కొనలేదు. రేటు పెరుగుతుందని కొన్నారు, అప్పటిదాకా ఖాళీగా ఎందుకని కిరాయికిచ్చారు. ఆ ఇంట్లోనూ మీలాంటి కుటుంబమే ఉంటుంది. వాళ్లకు నీడ దొరికింది, మీకు ఇల్లు పోయింది. రెండూ నిజమే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ప్లాట్ల సంగతి. కాజీపేట రైల్వే ఫ్యాక్టరీకి 2023 జూలైలో శంకుస్థాపన అయింది, మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. ఇలాంటి వార్త వచ్చిందంటే చాలు, గజం రేటు మారిపోతుంది. బయానా ఇచ్చి, రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోకుండా ఆ అగ్రిమెంట్‌నే ఇంకొకరికి అమ్ముకునేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. ఇల్లు కట్టరు, కిరాయికివ్వరు. కిరాయికిచ్చే ఓనరైనా ఒక గడప చూపిస్తున్నాడు, తుమ్మచెట్లు మొలిచిన ప్లాటు ఎవరికి నీడ? మొదటి ఇంటికి రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గించి, ఖాళీగా పెట్టుకున్న స్థలం మీద భారం పెంచితే మీలాంటివాళ్లకు ఊపిరి ఆడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు తెలంగాణలో మొదటి ఇల్లయినా అయిదో ఇల్లయినా ఒకటే లెక్క, మొత్తం 7.5 శాతం. ఆదాయపు పన్నులోనూ మీకు అన్యాయమే జరుగుతోంది. కొత్త పద్ధతిలో, కిరాయికిచ్చిన ఇంటి లోన్ వడ్డీని వచ్చే కిరాయి మేరకు ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. సొంతంగా ఉండే ఇంటికి ఆ సౌకర్యం లేదు.

అసలు మీరు ఓడిపోయింది ఎక్కడో చెప్తాను. అవతలి మనిషి దగ్గర నగదు ఉంది. "సగం వైట్, సగం బ్లాక్" అని అమ్మేవాళ్లు అడిగితే అతను సరే అనగలడు. మీ బ్యాంకు కాగితం మీదున్న ధరకే లోన్ ఇస్తుంది. 42 లక్షల ఫ్లాట్‌ను 28 లక్షలకు రాస్తామంటే లోన్ ఆ 28 లక్షలను బట్టే వస్తుంది, మిగతా 14 లక్షలు మీరు చేతిలోంచి పెట్టాలి. పొరపాటున కూడా ఒప్పుకోకండి. స్థలం, ఇల్లు అమ్మకంలో బయానాగా 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడవచ్చు. మీ దగ్గర రుజువూ ఉండదు. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 28 లక్షలుగానే కనిపించి, లేని లాభానికి పన్ను కట్టాలి.

కాబట్టి మీతో పోటీకి నగదు మనుషులు ఎక్కువగా రాని చోటు వెతకాలి. నా అనుభవంలో అది పది, పదిహేనేళ్ల పాత ఫ్లాట్లు. ఓనర్లు హైదరాబాద్‌లో స్థిరపడిపోయి ఉంటారు, ఆ ఇంటి మీద వాళ్లకు బ్యాంకు లోన్ మిగిలి ఉంటుంది, డబ్బంతా ఖాతాలోకే కావాలంటారు. అలాంటి అమ్మకందారుకు మీ లోన్ అడ్డం కాదు. ముందే బ్యాంకుకు వెళ్లి శాంక్షన్ లెటర్ తెచ్చుకోండి. "బయానా చెక్కు ఇస్తాం, 45 రోజుల్లో రిజిస్ట్రేషన్" అని చెప్పగలిగితే, నగదు చూపించి ఆరు నెలలు తిప్పేవాడి కంటే మీరే నయమనిపిస్తారు. ఓనర్ అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటే మాత్రం జాగ్రత్త. టీడీఎస్, అంటే వాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే పన్ను కోసి కట్టాల్సిన బాధ్యత మీదే, అది మామూలుగా కోసే 1 శాతం కాదు. ఆడిటర్‌ను అడగకుండా డబ్బు పంపొద్దు.

ఇక బడ్జెట్. 42 లక్షలు మరచిపోండి. దానికి మీ వాటా 8.4 లక్షలు, రిజిస్ట్రేషన్ దాదాపు 3.15 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు లోన్‌లో కలపదు. మీ 9 లక్షలు అక్కడే ఆవిరి. 31 లక్షల దగ్గర వెతకండి, 25 లక్షలకు మించి లోన్ తీసుకోవద్దు. ఎందుకో వినండి. పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2.0లో, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని, ఏడాది ఆదాయం 9 లక్షల లోపున్న కుటుంబానికి, 35 లక్షల లోపు ఇంటికి, 25 లక్షల లోపు లోన్‌కు 1.8 లక్షల దాకా వడ్డీ రాయితీ ఉంది. అయిదు వార్షిక వాయిదాల్లో లోన్ ఖాతాలో జమ అవుతుంది. మీ చేతికొచ్చేది ఏడాదికి 8.16 లక్షలు. కోతలకు ముందు జీతం 9 లక్షలు దాటుతుందేమో పే స్లిప్పుల్లో చూసుకోండి. ఇల్లు మీ ఇంటావిడ పేరు మీద, లేదా ఇద్దరి పేర్ల మీద పెట్టండి.

అప్పుడు మీ వాటా 6 లక్షలు, రిజిస్ట్రేషన్ 2.3 లక్షలు, మొత్తం 8.3. నెల కిస్తీ 20,900, అంటే మీ 31 వేలలో పది వేలు మిగులుతాయి. వెతకడానికి అయిదు నెలలు పట్టిందనుకోండి, ఆలోపు మరో లక్ష చేరి, కొన్నాక కూడా 1.7 లక్షలు చేతిలో ఉంటాయి. దాన్ని ముట్టుకోకండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. 31 లక్షల్లో దొరక్కపోతే 33 దాకా వెళ్లండి. 30 లక్షల లోపు లోన్‌కు 90 శాతం దాకా ఇచ్చే వీలుంది కాబట్టి 29.7 లక్షలు రావచ్చు, కిస్తీ 24,850. రాయితీ పోతుంది, కానీ దాని కోసం ఏడాది ఆగి కిరాయి కట్టడం కంటే ఇదే మేలు.

కాగితాల్లో ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాన్ తప్పనిసరిగా చూడండి. పై అంతస్తులో పెంట్‌హౌస్ చవగ్గా ఇస్తామంటే ఆ ప్లాన్‌లో అది ఉందా అని అడగండి. లేకపోతే బ్యాంకు లోన్ రాదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూశాం. ఇల్లు నచ్చితే వాచ్‌మన్‌ను, పక్కింటివాళ్లను అది కూడా అడగండి. కుదిరితే గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్లి, ముందు సెల్లార్‌లోకి దిగి చూడండి.