పదిహేడంగుళాల చక్రాల కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: నా వయసు 28. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తా. నెలకు 42,000 చేతికొస్తుంది. 2020 మోడల్ స్విఫ్ట్ వీఎక్స్‌ఐ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, ఈఎంఐ 9,600. 17 అంగుళాల అల్లాయ్‌లు వేయించి, స్ప్రింగులు మార్చి, బండిని నేలకు ఆనినట్టు దించాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. చెన్నైలో అంతా కలిపి 1,35,000 అడిగారు. రిజిస్టర్డ్ కంపెనీలో నాకు 2 లక్షల చీటీ ఉంది. 20 నెలలది, ఇది ఏడో నెల. ఈసారి 45,000 వదులుకుంటే పాట నాకే వస్తుంది. అప్పు కాదు, వడ్డీ లేదు, నా డబ్బే కదా సార్, పాడేయమంటారా? బ్యాంకులో 18,000 ఉంది. నాన్నకు షుగరు, ఆయనకు బీమా లేదు.
– తిరుపతి పాఠకుడు

జవాబు: ఈ చక్రాల కోసం చీటీ పాడకండి. బండి మీద మీకున్న ముచ్చటను నేను తప్పుపట్టను. సొంత సంపాదనతో కొనుక్కున్న కారు అందంగా కనపడాలని అనుకోవడంలో తప్పేముంది? అయితే 'వడ్డీ లేదు' అన్న మాట దగ్గర మీరు పొరబడుతున్నారు. ముందు ఆ లెక్క చూద్దాం.

ఇప్పుడు పాడితే మీ చేతికి వచ్చేది 1,55,000. ఆఖరి నెల దాకా ఆగితే 5 శాతం కమిషన్ పోను 1,90,000 వస్తుంది. తేడా 35,000. 1,55,000ను 13 నెలలు ముందుగా తీసుకున్నందుకు మీరిచ్చే వడ్డీ అదే. మనవైపు లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రూపాయి ముప్పావలా, ఏడాదికి దాదాపు 21 శాతం. చీటీ కంపెనీ దీన్ని వడ్డీ అనదు, మీ జేబుకు మాత్రం వడ్డీయే. అంటే 1,35,000 కొటేషన్ మీకు 1,70,000 దగ్గర పడుతుంది. మిగిలిన 13 కంతులు ఎలాగూ కట్టాలి, కారు ఈఎంఐ ఎలాగూ ఉంది. ఈ మధ్యలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే బ్యాంకులోని ఆ 18,000, పాటలో మిగిలే 20,000 తప్ప మరో ఆధారం లేదు. అప్పుడు చీటీ కూడా అయిపోయి ఉంటుంది.

ఇక బండి సంగతి. మీ కారుకు కంపెనీ ఇచ్చినవి 165/80 ఆర్14 టైర్లు. అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. చెన్నైవాళ్ళు వేస్తామన్నవి 205/45 ఆర్17. మొత్తం చక్రం ఎత్తు రెండింటికీ 62 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఒకటే కాబట్టి స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు. మారేది టైరు గోడ. ఇప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య 132 మిల్లీమీటర్ల రబ్బరు ఉంది, అది 92కి పడిపోతుంది. గుంతలో పడినప్పుడు దెబ్బ తినాల్సిన రబ్బరు నాలుగు సెంటీమీటర్లు తగ్గితే ఆ దెబ్బ రిమ్ము తింటుంది. వానాకాలం దాటాక కరకంబాడి రోడ్డులో ఒక్కసారి తిరిగి చూడండి. మీ కొటేషన్‌లోనే కొత్త టైరు ఒక్కోటి 10,500 అని ఉంది. ఇప్పటి టైరుకు అందులో సగానికి అటూ ఇటూ అవుతుంది. ఈ తేడా ఒక్కసారితో పోయేది కాదు, టైర్లు అరిగిన ప్రతిసారీ కట్టాలి. చక్రం బరువు పెరిగితే మైలేజీ కూడా కొంత పోతుంది.

సస్పెన్షన్ దించడం నాకు ఇంకా ఎక్కువ భయం. స్విఫ్ట్ కింద ఉండే ఖాళీ 163 మిల్లీమీటర్లు. 40 దించితే 123 మిగులుతుంది, అదీ బండి ఖాళీగా ఉన్నప్పుడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన ఊళ్ళ ముందు వేసేవాటిని ఎవరు కొలిచి వేశారు? ఐదారేళ్ళ కింద మా బావమరిది తన చిన్న కారును ఇలాగే దించాడు. అందరం కాణిపాకం బయలుదేరాం. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ వెనక కూర్చున్న ముగ్గురం దిగి, నడిచి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. చీరకుచ్చిళ్ళు ఒక చేత్తో, డోరు ఇంకో చేత్తో పట్టుకొని నాలుగోసారి దిగుతూ ఆమె ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో చీకట్లో ఒక బ్రేకరు కనపడలేదు. ఇంజిన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ పగిలి ఆయిలంతా రోడ్డు మీద పోయింది. టోయింగ్, చాంబర్, ఆయిల్ కలిపి ఆ నెల జీతంలో మంచి భాగం దానికే పోయింది. తర్వాత ముందు టైర్లు లోపలివైపు మాత్రమే అరగడం మొదలైంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా ఆగలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మారిస్తే, ప్రమాదం జరిగిన రోజు క్లెయిముకు అడ్డం చెప్పడానికి వాళ్ళకు ఒక కారణం మీరే ఇచ్చినట్టు. ఏ మార్పూ లేని బండికే టైర్లకు మామూలు పాలసీ సగం డబ్బే ఇస్తుంది, అదీ కారు కూడా దెబ్బతింటేనే. పైగా రేపు బండి అమ్మేటప్పుడు ఈ 1,35,000ను కొనేవాళ్ళు లెక్కలోకి తీసుకోరు.

మరి ముచ్చట ఎలా తీరాలి? మీ మోడల్‌లోనే జడ్‌ఎక్స్‌ఐకి కంపెనీయే 185/65 ఆర్15 టైర్లు ఇచ్చింది. ఆ సైజులో అల్లాయ్‌లు వేయించుకోండి. టైరు గోడ 120 మిల్లీమీటర్లు ఉంటుంది, బండి చూపు నిజంగా మారుతుంది. ఎప్పుడు వేయించాలన్నది ముఖ్యం. మీ టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2320 అని ఉంటే 2020లో 23వ వారం తయారైందని అర్థం. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే వాటిని మార్చే రోజు ఎలాగూ దగ్గరపడింది. టైర్ల ఖర్చు తప్పనిదే కాబట్టి అప్పుడు అదనంగా పడేది అల్లాయ్‌ల ధర మాత్రమే. దానికోసం చీటీ డివిడెండును, అంటే పాడినవాళ్ళు వదులుకున్న దాంట్లో మీ వాటాగా ప్రతినెలా కంతులో తగ్గే డబ్బును, ఖర్చు పెట్టకుండా విడిగా వేయండి. ఈ నెల ఎవరైనా 45,000కే పాడితే, కమిషన్ 10,000 పోను మిగిలిన 35,000 ఇరవై మందికి పంచగా మీ వాటా 1,750. చివరికొచ్చేసరికి అది తగ్గుతుంది. సగటున వెయ్యి మిగిలినా 13 నెలలకు 13,000.

చీటీ ఆఖరిదాకా ఆగమంటున్నది మీది రిజిస్టర్డ్ కంపెనీ అని రాశారు కాబట్టే. తెలిసినవాళ్ళ దగ్గర వేసిన చేతిచీటీ అయితే నా సలహా వేరేగా ఉండేది. 1,90,000 వచ్చాక అందులో లక్షను ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంచి మర్చిపోండి, అది ఆపద డబ్బు. నాన్నగారి బీమా మాత్రం అప్పటిదాకా ఆపొద్దు. షుగరు ఉన్నట్టు ఫారంలో దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బుకు బీమా వర్తించని తొలి గడువు (వెయిటింగ్ పీరియడ్) పాలసీ తీసుకున్న రోజు నుంచే లెక్క, ఎంత ఆలస్యమైతే అంత నష్టం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

ఉన్న స్ప్రింగులనే రెండు చుట్లు కోసేస్తే 3,000తో బండి దిగుతుందని మీ మిత్రుడు చెప్పినట్టు ఉత్తరం చివర్లో రాశారు. ఎవరు ఉచితంగా చేసిపెడతామన్నా దానికి ఒప్పుకోకండి. కోసిన స్ప్రింగు తన చోట్లో సరిగ్గా కూర్చోదు, చక్రం ఒక్కసారి వేలాడితే పక్కకు జారిపోవచ్చు. అమ్మానాన్నలను నెలనెలా కొండకు తీసుకెళ్తున్నానని మీరే రాశారు. అదే బండిలో, వాళ్ళను వెనక కూర్చోబెట్టుకొని, ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లోనే కదా మీరు కిందికి దిగాలి.