చొప్పించడమా, జొప్పించడమా?

సందేహం: "పెప్టైడ్లు మందును క్యాన్సర్ కణాల్లోకి చొప్పిస్తాయి" అని సెమినార్ వ్యాసంలో రాస్తే మాస్టారు ‘జొప్పిస్తాయి’ అని దిద్దారు. ఏది ఒప్పు? ప్రోటీన్ ముక్కలాంటి ఈ పెప్టైడ్ ‘చొరబడుతుంది’ అనొచ్చా? ‘మందు’ అంటే జనం తాగేది అనుకోరా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, బొబ్బిలి

సమాధానం: అమ్మా, మీ మాస్టారిది పద్యాల అలవాటు. ‘లోనఁ జొచ్చె’లో ద్రుతం (నకారం) మీది చకారం జకారమవడం మీకు తెలిసిందే. ఆ జకారం ద్రుతం లేనిచోట కూడా అలాగే ఉండిపోయింది. తప్పనను గానీ, వచనంలో నా ఓటు చొప్పించుకే.

అసలు చొప్పించుకి మూలమైన ఈ ‘చొచ్చు’ అంటే నాకు మహా మోజు. చొచ్చె అంటాం, చొరక అంటాం. చొరవ కూడా ఆ ఇంటి పిల్లే, లోపలికి పోగలిగే చనువు నుంచి ఇవాళ్టి ముందడుగు దాకా వచ్చింది. శరణు చొచ్చడంలో ఎంత నమ్మకం ఉందో చూడండి! ఇంత మర్యాదగల కుటుంబంలోంచి వార్తలవాళ్లు ‘చొరబడు’ను పట్టుకెళ్లి సరిహద్దుల్లో నిలబెట్టేశారు, ఇప్పుడు ఆ మాట వింటే తుపాకులే గుర్తొస్తాయి. అయితే కణాల్లోకి తనంతట తాను పోగలదని 1988లో తేలిన ‘టాట్’ హెచ్‌ఐవీ వైరస్ ప్రోటీనే, ఇలాంటి పనికి వాడే టాట్ పెప్టైడ్ అందులో ముక్కే. కాబట్టి దాన్ని చొరబడిందన్నా నేను అడ్డురాను.

‘దూరు’ కూడా మంచిదే. చీమలు దూరని చిట్టడవి మనదేగా, గిడుగు రామమూర్తి గారు పుట్టిన శ్రీకాకుళం జిల్లాలో కూర్చుని దాన్ని నాటుమాట అనే ధైర్యం నాకు లేదు. నాకు ఒళ్లు మండేది ‘డ్రగ్‌ను డెలివరీ చేస్తాయి’ అన్నప్పుడే, పొట్లం గుమ్మంలో పడేసి పోయినట్టు!

ఇక చొప్పించేది ఎవరన్నది చూడాలి. కొన్ని పెప్టైడ్లు క్యాన్సర్ కణం మీది రిసెప్టర్‌ని, అంటే తనకు సరిపడే పదార్థమే అతుక్కునే ప్రోటీన్‌ని పట్టుకుంటాయి, ఆపైన కణమే రెంటినీ లోపలికి లాక్కుంటుంది. 2018లో అమెరికాలో అనుమతి పొందిన లుటేషియం డోటటేట్ అనే మందు ఈ తరహాదే: సొమాటోస్టాటిన్ హార్మోన్‌ని పోలిన పెప్టైడ్‌కి రేడియోధార్మిక లుటేషియం లోహం తగిలించి పేగుల్లో, క్లోమంలో వచ్చే న్యూరోఎండోక్రైన్ (హార్మోన్లు విడుదల చేసే కణాల్లో పుట్టే) కణుతుల మీదికి పంపుతారు. కణం తానే మింగుతుంటే పెప్టైడ్ చొప్పించిందని ఎలా అంటాం? ‘చేరవేస్తుంది’ మేలేమో. టాట్ లాంటివాటిని కూడా చాలాసార్లు కణం మింగడమే, పైగా మింగిన సంచిలోనే మందు చిక్కుకుపోతుంటుంది కూడా. కణం పొరను పెప్టైడే దాటించిందని మీ ప్రయోగం చూపితే చొప్పించు, లేదంటే చేరవేయు అని ప్రస్తుతానికి రాసుకోండి.

మందు సంగతా? క్యాన్సర్ కణం పక్కన రాస్తే ఎవరూ సీసా వెతుక్కోరు లెండి.