వేవిళ్లకు కషాయం తాగవచ్చా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, నా వయసు 26. ఇది తొలి చూలు, ఇప్పుడు పదో వారం. పొద్దున లేవగానే వికారం, రోజుకు నాలుగైదు వాంతులు. మా అత్తయ్యగారు శొంఠి, మిరియాలు, తులసి ఆకులు, అతిమధురం వేసి బాగా మరిగించిన కషాయం రెండు పూటలా ఇస్తున్నారు. తాగితే కాస్త హాయిగానే ఉంటోంది. కాఫీ మానేసి గ్రీన్ టీ మొదలుపెట్టాను. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు రాస్ప్‌బెర్రీ ఆకుల టీ పొట్లాలు పంపింది. ఇవేవీ నన్ను చూసే డాక్టరమ్మకు చెప్పలేదు. బిడ్డకు ఏమైనా అవుతుందేమోనని భయం. మానేస్తే అత్తయ్యగారు నొచ్చుకుంటారు. ఏం చేయమంటారు? – ఒక సోదరి, నిజామాబాద్

జవాబు: అమ్మా, కొన్నాళ్లు ఈ కషాయం తాగినంత మాత్రాన బిడ్డకు ఏదో జరిగిపోయిందని కుమిలిపోకండి. అయితే రేపటి నుంచి అందులో అతిమధురం వేయవద్దు. శొంఠి ఉండవచ్చు, కొలత తగ్గించాలి. అత్తయ్యగారు నొచ్చుకోవలసిన పని లేదు. ఆవిడ చేసినదాంట్లో సగం సరైనదే.

ఆ సగం శొంఠి. వేవిళ్లకు అల్లం పనిచేస్తుందని మన పెద్దవాళ్లు చెప్పిన మాటకు ఆధునిక వైద్యం కూడా ఒప్పుకుంది. గర్భిణుల మీద జరిగిన పరీక్షల్లో వికారం తగ్గింది, బిడ్డకు హాని కనబడలేదు. ఆ పరీక్షల్లో సాధారణంగా ఇచ్చినది రోజుకు ఒక గ్రాము ఎండు అల్లం పొడి, అదీ నాలుగు విడతలుగా. టీ చెంచాకు సమంగా తీసిన శొంఠిపొడి దాదాపు రెండు గ్రాములు తూగుతుంది. అంటే రోజు మొత్తానికి మీకు కావలసినది అర చెంచా. పూటకో చెంచా వేస్తే అది నాలుగింతలవుతుంది. పచ్చి అల్లమైతే రోజుకు ఒక చిన్న చెంచా తురుము చాలు. ఇంతకు మించితే వికారం ఇంకా తగ్గదు, గుండెల్లో మంట మాత్రం పెరుగుతుంది. ఆస్పిరిన్, హెపారిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నవారు డాక్టర్‌ను అడగకుండా రోజూ శొంఠి తీసుకోవద్దు. కాన్పు దగ్గరపడినప్పుడు కూడా మానేయడం మేలు.

ఇక అతిమధురం. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తియ్యగా ఉంటుంది, గొంతుకు హాయినిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఈ వేరులో గ్లైసిరైజిన్ అనే పదార్థం ఉంటుంది. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ మూత్రపిండాల మీద అతిగా పనిచేయకుండా ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంటుంది. గ్లైసిరైజిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అప్పుడు ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం బయటికి పోతుంది, బీపీ పెరుగుతుంది. వాంతులతో ఇప్పటికే పొటాషియం కోల్పోతున్న మీకు ఇది అసలే పనికిరాదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అదే ఎంజైమ్ మాయలో, అంటే తల్లి రక్తం నుంచి బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటాలో కూడా ఉంటుంది. తల్లి రక్తంలోని కార్టిసాల్ ఉన్నదున్నట్టుగా బిడ్డకు చేరకుండా చూసేది అదే. ఫిన్‌లాండ్‌లో అతిమధురంతో చేసిన నల్లని మిఠాయిలు తినే అలవాటు ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు వారానికి 500 మిల్లీగ్రాములకు పైగా గ్లైసిరైజిన్ తీసుకున్న తల్లుల పిల్లలను అక్కడి పరిశోధకులు పన్నెండేళ్ల వయసు దాటాక పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. తక్కువ తీసుకున్న తల్లుల పిల్లలతో పోలిస్తే వీరికి తెలివితేటల పరీక్షల్లో సగటున ఏడు పాయింట్లు తక్కువ వచ్చాయి. తేడాకు కారణం అతిమధురమే అని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చి చెప్పలేం. కానీ ఇది లేకపోతే తల్లికి గానీ బిడ్డకు గానీ లోటు లేనప్పుడు, ఆ అనుమానంతోనైనా దూరం పెట్టడం నా పద్ధతి. మన లెక్క చూడండి: వేరు బరువులో 2 నుంచి 15 శాతం దాకా గ్లైసిరైజిన్ ఉండవచ్చు. నాలుగు శాతమే అనుకున్నా, రోజుకు మూడు గ్రాముల పొడితో వారానికి 840 మిల్లీగ్రాములు అవుతుంది.

బజారులో దొరికే కషాయం పొడుల మీద, దగ్గు బిళ్లల మీద ఇది అతిమధురం అనే పేరుతోనే ఉండదు. యష్టిమధు, ములేఠి, గ్లైసిరైజా గ్లాబ్రా అని ఉన్నా అదే. పదార్థాల పట్టిక చదవండి.

తులసి, మిరియాల విషయం తేలిక. తీర్థంలో రెండు తులసి దళాలు తీసుకుంటే భయం లేదు. గుప్పెడు ఆకులు మరగబెట్టి రోజూ తాగడం మాత్రం వద్దు. గర్భిణులకు అంత మోతాదు క్షేమమని చెప్పడానికి ఆధారాలు లేవు. చారులో వేసే పాటి మిరియాలు పర్వాలేదు. కరోనా రోజుల్లో ఆయుష్ శాఖ చెప్పిన కషాయంలోనూ తులసి, శొంఠి, మిరియాలు, దాల్చిన చెక్కే ఉన్నాయి కదా అని చాలామంది అడుగుతారు. అది అందరి కోసం చెప్పినది. మూడు నెలలు నిండని గర్భిణి నెలల తరబడి తాగడానికి కాదు. అప్పట్లో ఇంటింటా మొదలైన తిప్పతీగ రసం కూడా ఇప్పుడు వద్దు. దానితో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. ఆయుష్ శాఖ వారితో విభేదించింది. ఆ వాదన ఎప్పుడు తేలినా, కడుపుతో ఉన్న మనిషి విషయంలో నేను దానికోసం ఎదురుచూడను. అశ్వగంధ, కలబంద రసం, విరేచనం కోసం తాగే సునాముఖి టీ కూడా మీ ఇంట్లో ఉంటే పక్కన పెట్టండి. మలబద్ధకానికి ఇసబ్‌గోల్, నీళ్లు, ఆకుకూరలు ఉన్నాయి.

ఇక్కడ కషాయం కాచే తీరు గురించి కూడా అత్తయ్యగారితో ఒక మాట చెప్పండి. మూలికను నీళ్లలో వేసి నాలుగో వంతుకో, ఎనిమిదో వంతుకో దిగేదాకా మరిగిస్తే అది మందు. వేడినీళ్లలో కాసేపు నానబెట్టి వడకట్టుకుంటే అది పలుచని పానీయం. ఆయుర్వేదం కూడా ఈ రెంటినీ వేరుగానే చూసింది, ఒకదాన్ని క్వాథమని, ఇంకొకదాన్ని ఫాంటమని పిలిచింది. మీకు కావలసినది రెండోది. గ్లాసు వేడినీళ్లలో పావు చెంచా అల్లం తురుము వేసి, మూతపెట్టి, పది నిమిషాల తర్వాత వడకట్టి, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి గుటక గుటకగా తాగండి. రోజుకు మూడు నాలుగు సార్లు తాగినా కొలత దాటదు. అర చెంచా జీలకర్రతోనో ధనియాలతోనో ఇలాగే చేసుకోవచ్చు. సోంపు భోజనం తర్వాత చిటికెడు నమిలితే చాలు, రోజూ చిక్కని నీళ్లు కాచుకోవద్దు. మెంతులు పోపుకే పరిమితం చేయండి.

గ్రీన్ టీ ఆరోగ్యకరమని మారారు కానీ, ఈ నెలల్లో దాని మీద నాకు మక్కువ లేదు. ఎక్కువగా తాగితే ఫోలిక్ యాసిడ్ ఒంటికి పట్టడం తగ్గవచ్చు. అందులోనూ కెఫీన్ ఉంటుంది. కాఫీ, టీ అన్నీ కలిపి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకపోతే చాలు, కాబట్టి మీకు ఇష్టమైన ఒక చిన్న కప్పు కాఫీకే తిరిగి వెళ్లండి. మూడో నెల దాటాక ఐరన్ మాత్రలు మొదలవుతాయి. మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. కాఫీ, టీలలోని టానిన్లు ఆ ఐరన్‌ను పట్టనివ్వవు. మాత్రకు ముందూ వెనకా కనీసం గంట ఎడం ఉంచండి. నిమ్మకాయ నీళ్లతో మింగితే ఇంకా మంచిది.

ఆడపడుచు పంపిన రాస్ప్‌బెర్రీ ఆకుల టీ ఇప్పుడు తెరవవద్దు. విదేశాల్లో కొందరు కాన్పు సులువవుతుందని చివరి వారాల్లో తాగుతారు. అది నిజమని తేలలేదు, తొలి నెలల్లో అయితే అసలే వద్దంటారు.

ఎవరో వైద్యుడు పొట్లం కట్టి ఇచ్చే చూర్ణాలు, భస్మాలు, పేరు లేని మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకోకండి. 2011, 2012 సంవత్సరాల్లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో కనబడింది. ఆరా తీస్తే వాళ్లంతా మన దేశంలో తయారైన ఆయుర్వేద మందులు వాడినవాళ్లే. సీసం మాయను దాటి బిడ్డ మెదడును చేరుతుంది.

మీ డాక్టరమ్మకు చెప్పలేదన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లూ అంతే. ఏ మందులు వాడుతున్నారమ్మా అంటే ఏమీ లేవండీ అంటారు, కషాయం వాళ్ల దృష్టిలో మందు కాదు. తప్పు వాళ్లది కాదు, మేము సరిగా అడగకపోవడం, అడిగినప్పుడు కసురుకోవడం వల్లనే ఈ దాపరికం వచ్చింది. మీరు మాత్రం వచ్చే చెకప్ దాకా ఆగకుండా ఈ వారమే వెళ్లండి. అతిమధురం తాగారు కాబట్టి బీపీ చూపించుకోండి, అవసరమైతే ఆమె రక్తంలో పొటాషియం పరీక్ష రాస్తారు. పొడుల డబ్బాలు, టీ పొట్లాలు సంచిలో వేసుకుని వెళ్లండి. కుదిరితే అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లండి. ఏది ఎంత వేయాలో డాక్టరే స్వయంగా చెబితే ఆవిడ కూడా తేలికపడతారు.

అల్లం నీళ్లతో తగ్గకపోతే ఓర్చుకుంటూ కూర్చోకండి. వేవిళ్లకు బి6 విటమిన్, డాక్సిలమైన్ కలిసిన మాత్రలు ఎన్నో ఏళ్లుగా గర్భిణులకు ఇస్తున్నాం, అవి క్షేమమైనవి. పొద్దున మంచం దిగకముందే గుప్పెడు మరమరాలో పేలాలో నమలండి. కడుపు ఖాళీగా ఉంచకుండా రెండు గంటలకోసారి ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ, పెరుగన్నం కొంచెం కొంచెంగా తీసుకోండి. ఒక రోజంతా గుటకెడు నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, వాంతిలో రక్తం కనబడినా, కడుపునొప్పో రక్తస్రావమో మొదలైనా కషాయంతో ప్రయత్నాలు ఆపి ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి, రాత్రయినా సరే.