హైస్కూలు పిల్లలకు ప్రపంచ శాంతి గురించి ఎలా చెప్పాలి? సెప్టెంబర్ 21న పోస్టర్లు వేయించడం తప్ప ఇంకేం చేయొచ్చు?

సోషల్ టీచరుగా నా అనుభవంలోంచి చెబుతున్నాను. అంతర్జాతీయ శాంతి దినం రోజు పోస్టర్లు వేయించడం వద్దనను. కానీ తెల్ల పావురం గీసిన పిల్లవాడిని "ఒకే నేల మాదంటే మాదని రెండు దేశాలు పట్టుబడితే ఏం చేయాలి?" అని అడిగి చూడండి. "కొట్టుకోకూడదు" అంటాడు. మరి ఏం చేయాలంటే దిక్కులు చూస్తాడు. పాఠం అక్కడ మొదలవ్వాలని నా అభిప్రాయం.

నేను ఎక్కువగా చెప్పేది ఆలాండ్ దీవుల తగాదా. ఇవి బాల్టిక్ సముద్రంలో స్వీడన్, ఫిన్‌లాండ్‌ల మధ్య ఉంటాయి. 1917లో ఫిన్‌లాండ్ రష్యా నుంచి విడిపోయి స్వతంత్ర దేశమైంది. స్వీడిష్ మాట్లాడే దీవుల వాళ్లేమో స్వీడన్‌లో కలుస్తామన్నారు. ఫిన్‌లాండ్ కుదరదంది. వ్యవహారం నానాజాతి సమితి (ఇప్పటి ఐక్యరాజ్య సమితికి ముందున్న దేశాల సంఘం) దాకా వెళ్లింది. కథ ఇంతవరకే చెప్పి ఆపేస్తాను. తీర్పు చెప్పను.

తర్వాత క్లాసును ఫిన్‌లాండ్, స్వీడన్, దీవుల వాళ్లు అని మూడు జట్లు చేసి, కొందరిని సమితి తరఫున మధ్యవర్తులుగా కూర్చోబెడతాను. ప్రతి జట్టూ తమకు తప్పక కావాల్సినవి ఒక పక్క, వదులుకోగలిగినవి ఇంకో పక్క రాయాలి. ఈ రెండో పక్క నింపడానికి సొంత జట్టులోనే పెద్ద వాదన నడుస్తుంది, నడవనివ్వండి.

ఒకసారి ఫిన్‌లాండ్, స్వీడన్ జట్లు మ్యాపు ముందేసుకుని చాలాసేపు బేరాలాడాయి. దీవుల జట్టులోని ఒక అమ్మాయికి విసుగొచ్చి, "మా గురించే మాట్లాడుకుంటూ మమ్మల్ని ఒక్క మాట కూడా అడగరేంటి?" అంది. మధ్యవర్తిగా ఉన్న అబ్బాయి "సరే, అసలు మీ భయమేంటి?" అన్నాడు. "మా భాష పోతుందని. రేపు బడిలో మాకు రాని భాషలో చదవాలి కదా" అంది. అక్కడి నుంచి బేరం దారే మారింది. నేల ఎవరిదన్న గొడవ పక్కకు పోయి, భాషను ఎలా కాపాడాలన్నది ముందుకొచ్చింది.

అప్పుడు అసలు తీర్పు చెప్పాను. 1921లో సమితి దీవులను ఫిన్‌లాండ్‌కే ఇచ్చింది. అయితే బడుల్లో స్వీడిష్ ఉండాలి, స్థానికుల భూమికి రక్షణ ఉండాలి, సొంత పాలన సాగాలి అని షరతులు పెట్టింది. అక్కడ సైన్యం ఉండకూడదని అదే ఏడాది వేరే ఒప్పందం కుదిరింది. వందేళ్లు దాటినా ఆ ఏర్పాటు నిలిచే ఉంది. "దీవుల వాళ్లు అడిగింది ఇవ్వలేదుగా, ఇదేం న్యాయం?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దయచేసి ఆ ప్రశ్నను దాటేయకండి. పాఠం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం అదే.

ఇదే సమితి మరికొన్ని చోట్ల ఓడిపోయిందని కూడా చెప్పాలి, లేకపోతే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. ఆలాండ్ విషయంలో రెండు దేశాలూ తీర్పుకు తలొగ్గాయి. 1931లో చైనాలోని మంచూరియాను ఆక్రమించిన జపాన్ మాత్రం లెక్కచేయలేదు, 1933లో సమితి నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, ఒప్పందం నిలవాలంటే ఏం కావాలో పిల్లలే చెబుతారు.

చిన్న తరగతులకు ఇదంతా బరువు. వాళ్లకు మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశం సంగతి చెప్పండి. అంతర్యుద్ధం జరుగుతుండగానే 1985లో పిల్లలకు టీకాలు వేయడం కోసం రెండు పక్షాలూ కొన్ని రోజులు కాల్పులు ఆపాయి. ఐదో తరగతి పిల్లలు కూడా "మరి అలాగే ఆపేయొచ్చుగా?" అని అడుగుతారు.

ఇప్పుడు జరుగుతున్న యుద్ధంతో మాత్రం మొదలుపెట్టకండి. టీవీలో విన్న పక్షాన్ని పట్టుకుని అరుచుకుంటారు తప్ప ఆలోచించరు. పైగా ఆ దేశంలో చిక్కుకున్న బంధువులున్న పిల్లలు క్లాసులో ఉండొచ్చు, ఆ టెన్షన్ మనకు తెలియదు. పాత తగాదాతో అలవాటు చేశాక ఇప్పటిది ఎత్తుకోవచ్చు.

రెండు పీరియడ్లు వరసగా దొరికేలా చూసుకోండి, మధ్యలో బెల్లు కొడితే ఊపు పోతుంది. మార్కులు వేయాల్సి వస్తే, అవతలి జట్టు వాదనను వాళ్లే "అవును, మేమన్నది ఇదే" అనేలా తిరిగి చెప్పగలిగిన వాళ్లకు ఎక్కువ వేయండి.